ఉద్దానం నుంచి ఇండిపెండెంట్‌గా నిలబడాలనుకుంటున్నాను, మీ అభిప్రాయం చెప్పండి

కవిటి_తోట

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కవిటి మండలం. కొబ్బరి, జీడి తోటలే మా ఇంటికి ఆధారం. వచ్చే అసెంబ్లీ ఎన్నికల్లో ఇచ్ఛాపురం నుంచి ఏ పార్టీ జెండా లేకుండా నామినేషన్ వేయాలని ఇంట్లో వాళ్ళతో మాట్లాడి ఒక నిర్ణయానికి వచ్చాను. ఊళ్ళో చెప్పేముందు ఇక్కడ పెడుతున్నాను, ఎందుకంటే ఇక్కడ మొహమాటం లేకుండా మాట్లాడతారు. పేరు ఇప్పుడు చెప్పను. ముందు విషయం తేల్చుకుందాం.

2009కి ముందు ఉమ్మడి శ్రీకాకుళం జిల్లాకు 12 అసెంబ్లీ సీట్లు ఉండేవి. నియోజకవర్గాల పునర్విభజనలో సోంపేట, హరిశ్చంద్రపురం, కొత్తూరు, ఉణుకూరు పోయి, పలాస, రాజాం వచ్చాయి. మిగిలినవి 10. విజయనగరానికి 12 ఉంటే 9 అయ్యాయి. అంటే రెండు జిల్లాలకూ కలిపి 24 నుంచి 19కి దిగాం. సోంపేట సీటు పోయాక ఉద్దానం రెండు ముక్కలైంది. కవిటి, కంచిలి, సోంపేట మండలాలు ఇచ్ఛాపురం కింద, మందస, వజ్రపుకొత్తూరు పలాస కింద. కిడ్నీ జబ్బు ఒకటే, తుపాను ఒకటే, తోటలు ఒకటే. అడిగేవాళ్ళు మాత్రం ఇద్దరు, వాళ్ళ పార్టీలు వేరైనప్పుడు ఒకరి మాట మీద ఇంకొకరు.

కిడ్నీ జబ్బు సంగతి మీకు చెప్పక్కర్లేదు. పలాసలో 200 పడకల ఆసుపత్రి, హిరమండలం రిజర్వాయర్ నుంచి 700 కోట్ల మంచినీటి పథకం 2023 డిసెంబరులో ప్రారంభించారు. డయాలసిస్ వాళ్ళకి నెలకు 10,000 పింఛను వస్తోంది. వచ్చినందుకు సంతోషమే. కానీ అది రావడానికి ఒక తరం పోయింది. ఈ జబ్బు ఎందుకొస్తోందో ఈరోజుకీ తేలలేదు. నీళ్ళా, ఎండలో పనా, పురుగుమందులా, నొప్పి మాత్రలా అని ఇంకా వెతుకుతూనే ఉన్నారు. ఆ వెతుకులాట ఎంతవరకు వచ్చిందని ఏడాదికోసారైనా సభలో నిలదీసే మనిషి ఉండాలి. ఏ ప్రభుత్వం ఉన్నా అదే ప్రశ్న అడిగే మనిషి. పార్టీ మనిషి తన ప్రభుత్వం ఉన్నప్పుడు ఆ ప్రశ్న వేయలేడు. నేను నిలబడాలనుకోవడానికి మొదటి కారణం ఇదే.

టెక్కలి_రోడ్

అన్నా, మీ బాధ నిజం. కానీ నేను పార్టీలో పనిచేసినవాడిని, ఉన్నమాట చెప్తాను. ఇండిపెండెంట్‌గా గెలిస్తే నియోజకవర్గానికి పనులు రావు. అధికార పార్టీ ఓడిన చోట కూడా ఇన్‌చార్జి ఉంటాడు. ఎమ్మార్వో, ఎంపీడీవో ఆయన ఫోనే ఎత్తుతారు. పింఛన్ల దగ్గర్నుంచి సీసీ రోడ్డు వరకు ఆయన చెయ్యి పడకుండా కదలదు. ఎమ్మెల్యేవి నువ్వే అయినా శిలాఫలకం మీద పేరు తప్ప ఏమీ మిగలదు. ఓడిపోతే ఇంకా ఘోరం. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే 10,000 డిపాజిట్ పోతుంది. అది చిన్న విషయమే, నీ వల్ల చీలిన ఓట్లతో ఎవరో గెలిచారన్న మాట ఊళ్ళో ఇరవై ఏళ్ళు మోయాలి.

ఆమదాలవలస_మాస్టారు

సీట్లు ఎందుకు తగ్గాయో లెక్క చూడండి. లెక్క అర్థమైతే కోపం ఎవరి మీద పెట్టుకోవాలో తెలుస్తుంది.

పునర్విభజన 2001 జనాభా లెక్కల మీద జరిగింది. అప్పటి రాష్ట్రం జనాభా 7.62 కోట్లు, సీట్లు 294. సగటున సీటుకు 2.59 లక్షలు. శ్రీకాకుళం జనాభా 25.37 లక్షలు, భాగిస్తే 9.8. విజయనగరం 22.49 లక్షలు, అంటే 8.7. పది, తొమ్మిది అలా వచ్చాయి. ఎవరో కక్షగట్టి కోసినవి కావు. మిగతా జిల్లాలు పెరిగినంతగా మనం పెరగలేదు.

ఎందుకు పెరగలేదు? పిల్లల్ని తక్కువ కనడం ఒక కారణం, వలస ఇంకో కారణం. 2011 లెక్కల్లో శ్రీకాకుళంలో వెయ్యి మంది మగవాళ్ళకు 1015 మంది ఆడవాళ్ళు, విజయనగరంలో 1019. ఇప్పటి రాష్ట్రంలో ఆడవాళ్ళ సంఖ్య ఎక్కడా అంత ఎక్కువ లేదని మురిసిపోయిన వాళ్ళున్నారు. మా బడిలో తండ్రుల సమావేశం పెడితే తల్లులు, తాతలు వచ్చేవారు. మగవాళ్ళు ఊళ్ళో లేరు, అదే ఆ లెక్క.

ఇకముందు సంగతి కూడా చెప్తాను. 2011 ప్రకారం 13 జిల్లాల జనాభా 4.96 కోట్లు. మన రెండు పాత జిల్లాలది కలిపి 50.47 లక్షలు. అంటే నూటికి పది మందికి కాస్త ఎక్కువ. ఇప్పుడున్న 175 సీట్లలో ఆ వాటా 18కి కూడా పూర్తిగా రాదు, మనకున్నవి 19. రాష్ట్ర విభజన చట్టంలో చెప్పినట్టు సీట్లు 225 చేస్తే 23 దాకా వస్తాయి. పెరిగినట్టే కనిపిస్తుంది, కానీ ఇప్పటి వాటా నిలబడాలంటే 24 దాటాలి. పైగా ఇది 2011 లెక్క. 2027 లెక్కల్లో ఇంకెంత తగ్గుతామో చూడాలి.

మియాపూర్_టు_మందస

మాస్టారూ, మీ లెక్కలో నేనెక్కడ ఉన్నాను? నేను హైదరాబాద్‌లో సెంట్రింగ్ పని చేస్తాను. భార్యా పిల్లలు నాతోనే. ఓటు మందసలో. 2024 మే 13న ఓటేయడానికి పలాస దాకా జనరల్ బోగీలో నిలబడి వచ్చాను. బోగీ అంతా మనవాళ్ళే, ఒక్కొక్కరిది ఒక్కో మండలం. ఆధార్‌లో మందస, రేషన్ కార్డులో మందస, ఓటు మందస.

కానీ జనాభా లెక్కల వాళ్ళు వచ్చేసరికి మేం మియాపూర్‌లోనే ఉంటాం కదా.

ఆమదాలవలస_మాస్టారు

బాబూ, నువ్వు అడిగిందే అసలు విషయం. లెక్కింపు రోజులన్నీ ఊరికి దూరంగా ఉన్నవాళ్ళని ఉన్నచోటే లెక్కిస్తారు. కాబట్టి నువ్వు ఓటరు జాబితాలో మందసవాడివి, జనాభాలో మియాపూర్‌వాడివి. 2014కి ముందు అయితే ఆ మియాపూర్ కూడా మన రాష్ట్రమే, నీ తల ఈ జిల్లా నుంచి పోయినా రాష్ట్రంలో ఉండేది. ఇప్పుడు అదీ లేదు. నువ్వూ, చెన్నైలో ఉన్నవాడూ, గుజరాత్ వెరావల్‌లో ఉన్నవాడూ ఆంధ్ర లెక్కలోంచే పోతున్నారు. మీ ఓటు మనకి, మీ తల వాళ్ళకి.

కవిటి_తోట

మాస్టారూ, నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయింది మీరు చెప్పారు. వలస వెళ్ళినవాడి డబ్బుతో ఊళ్ళో ఇల్లు లేస్తుంది, అప్పు తీరుతుంది, గుడి కడతారు. అతను మాత్రం ఏ ఎమ్మెల్యేకీ జనాభాలో మనిషి కాదు. ఎన్నికల నెలలో మాత్రం అందరికీ గుర్తొస్తాడు, బస్సు టికెట్ పెట్టి రప్పిస్తారు.

వలసవాళ్ళు ఉన్నచోటి నుంచే ఓటేసే యంత్రాన్ని ఎన్నికల సంఘం 2023 జనవరిలో పార్టీలకు చూపించాలని పిలిచింది. చాలా పార్టీలు అనుమానాలు లేవనెత్తాయి, అక్కడితో ఆగింది. అనుమానాలు తప్పని నేననను. కానీ మన జిల్లా నుంచి దాని గురించి గట్టిగా మాట్లాడినవాళ్ళు నాకు కనపడలేదు.

బారువ_తీరం

నాకు రాజకీయం పెద్దగా తెలీదు. మా ఆయన, మరిది, అన్నయ్య ముగ్గురూ ఏడాదిలో ఎక్కువ భాగం గుజరాత్ వెరావల్‌లో బోట్ల మీద ఉంటారు. 2018 నవంబరులో మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళని పాకిస్తాన్ పట్టుకుని 2020 జనవరి దాకా జైల్లో పెట్టినప్పుడు ఇక్కడ తీరమంతా ఎంత టెన్షన్ పడ్డామో నాకు తెలుసు. ఆ తర్వాత లాక్‌డౌన్‌లో వేల మంది అక్కడే బోట్లలో ఇరుక్కుపోయారు. మన జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉందని ప్రతి మీటింగ్‌లో చెప్తారు. అంత తీరం ఉంటే మా వాళ్ళు గుజరాత్ ఎందుకు పోతున్నారు? ఇక్కడ పెద్ద బోటు కట్టే చోటు లేదు. అలల్లోంచి తెప్పని తోసుకుంటూ వెళ్ళాలి, తోసుకుంటూ రావాలి. గాలి తిరిగిందంటే ఒడ్డుకు పది బారల దూరంలోనే తెప్ప బోల్తా పడుతుంది.

ఇండిపెండెంట్ అయినా పార్టీ అయినా నాకు ఒకటే. మా వాళ్ళు అక్కడికి పోకుండా బతకగలరా అన్నది మీరు చెప్పండి అన్నా.

కవిటి_తోట

చెల్లెమ్మా, గెలిస్తే ఆపేస్తానని చెప్పను, అది ఒక ఎమ్మెల్యే చేతిలో లేదు. మూలపేట పోర్టుకు 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. పోర్టు వేరు, చేపల రేవు వేరు అని గట్టిగా చెప్పేవాళ్ళు కావాలి. పోర్టులో సరుకుల ఓడలు ఆగుతాయి, మీ తెప్పలు కావు. మీ తీరానికి చేపల రేవు పని ఏ దశలో ఉందో, ఎందుకు ఆగిందో సభలో అడిగి రాతపూర్వకంగా జవాబు తెప్పించడం నా చేతిలో ఉంటుంది. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. జవాబు రాతలో ఉంటే దాన్ని పట్టుకుని కోర్టుకైనా వెళ్ళొచ్చు.

చీపురుపల్లి_లాయర్

చట్టం వైపు నుంచి కొన్ని మాటలు.

ఇండిపెండెంట్‌కు పది మంది ప్రతిపాదకులు కావాలి, అందరూ ఆ నియోజకవర్గం ఓటర్లే అయ్యుండాలి. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్కరు చాలు. గుర్తు స్వేచ్ఛా గుర్తుల్లోంచి చివర్లో ఇస్తారు, కాబట్టి ప్రచారానికి మిగిలేది రెండు వారాలే. ఖర్చు పరిమితి 40 లక్షలు. నిజంగా ఎంత ఖర్చవుతోందో నేను రాయను, అందరికీ తెలుసు.

ఇక పార్టీ ఫిరాయింపుల చట్టం. పార్టీ ఎమ్మెల్యే విప్ (సభలో ఎలా ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశం) ధిక్కరించి ఓటేస్తే పదవి పోతుంది. ఇండిపెండెంట్‌కు విప్ లేదు, కానీ గెలిచాక ఏ పార్టీలో చేరినా అనర్హుడవుతాడు. ఇది రాజ్యాంగం పదో షెడ్యూల్‌లోనే ఉంది. అందుకే చాలామంది చేరకుండా బయటి నుంచి మద్దతు అంటారు. ఓటరు మిమ్మల్ని అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే. గెలిచాక ఏ గుమ్మం ముందు నిలబడతారు?

మన దగ్గర ఇండిపెండెంట్లు గెలవరన్నది నిజం కాదు. 1952లో శ్రీకాకుళం లోక్‌సభకు బొడ్డేపల్లి రాజగోపాలరావు గారు ఇండిపెండెంట్‌గానే గెలిచారు. 1989లో హరిశ్చంద్రపురంలో ఎర్రన్నాయుడు గారు అలాగే గెలిచారు. 2004లో విజయనగరంలో కోలగట్ల వీరభద్రస్వామి గారు అశోక్ గజపతిరాజు గారినే ఓడించారు.

టెక్కలి_రోడ్

లాయర్ గారూ, మీరు చెప్పిన ముగ్గుర్నీ చూడండి. బొడ్డేపల్లి వారు తర్వాత కాంగ్రెస్. ఎర్రన్నాయుడు గారు అంతకుముందూ టీడీపీ, తర్వాతా టీడీపీ. కోలగట్ల గారు తర్వాత వైసీపీ. వాళ్ళకి ముందే సొంత బలం ఉంది. పార్టీ టికెట్ దక్కనందుకో, మరో కారణానికో ఒక్క ఎన్నికకి ఇండిపెండెంట్ అయ్యారు. ప్రాంతం కోసం ఇండిపెండెంట్‌గా నిలబడి, ప్రాంతం కోసమే ఇండిపెండెంట్‌గా ఉండిపోయినవాడు ఒక్కడు ఉంటే చెప్పండి. నేను ఎగతాళికి అనడం లేదు, కవిటి అన్న మీద గౌరవంతోనే అడుగుతున్నాను.

కవిటి_తోట

తమ్ముడూ, మంచి ప్రశ్న. దానికి చరిత్ర నుంచి జవాబు నా దగ్గర లేదు, నా మాట మాత్రమే ఉంది. లాయర్ గారు అడిగినదానికీ అదే జవాబు. ఏ పార్టీకీ బయటి నుంచి మద్దతు అని ముందే రాసివ్వను. బడ్జెట్‌కు ఓటేయాల్సి వస్తే, ఉద్దానం మంచినీళ్ళకీ, ఆసుపత్రిలో నెఫ్రాలజీ డాక్టర్ల పోస్టులకీ అందులో ఏముందో చూసి వేస్తాను. ఎందుకు వేశానో మండల కేంద్రంలో మైకు పెట్టి చెప్తాను. అయిదేళ్ళూ అలాగే ఉంటాను, ఆ తర్వాత ఓడించినా సరే.

పనులు రావన్న మాటకి వస్తాను. సీసీ రోడ్డు ఇన్‌చార్జి వేయించనీ, నాకు అభ్యంతరం లేదు. రోడ్డు ఎవరి పేరున పడినా జనమే నడుస్తారు. కానీ ఇన్‌చార్జి చేయలేని పనులు కొన్ని ఉన్నాయి. రైల్వే సంగతే తీసుకోండి. విశాఖ కేంద్రంగా కొత్త జోన్ అన్నారు, 2019లో ప్రకటించారు. పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా లైను మాత్రం ఒడిశాలోని ఖుర్దా రోడ్ డివిజన్ కిందే ఉంది. కంచిలిలో ఉన్న స్టేషన్‌కి సోంపేట అని పేరు. అక్కడ ఒక రైలు ఆగాలంటే ఖుర్దాకు అర్జీ పెట్టుకోవాలి. మన పార్టీల మీటింగుల్లో విశాఖ జోన్ అని చప్పట్లు కొట్టారు, జోన్ పలాస దగ్గరే ఆగిపోయిందని గట్టిగా అన్నవాళ్ళు తక్కువ. శ్రీకాకుళం కలెక్టరేట్‌కి మాకు నూరు కిలోమీటర్లు దాటుతుంది, ఒడిశాలోని బరంపురం గంటలోపే. ఒళ్ళు బాగోకపోతే అటే పోతాం. అక్కడ మన ఆరోగ్యశ్రీ కార్డు చూపించడానికి ఎన్ని తిప్పలో ఆసుపత్రి వరండాలో కూర్చున్నవాళ్ళకే తెలుసు.

సాలూరు_ఘాటీ

సరిహద్దు మాట వచ్చింది కాబట్టి. మాది ఒకప్పుడు విజయనగరం జిల్లా, 2022 నుంచి పార్వతీపురం మన్యం. మా పక్కన ఆంధ్ర, ఒడిశా రెండూ మావే అనే కొటియా గ్రామాలున్నాయి. రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ చేతిలో ఉన్నవాళ్ళు అక్కడ ఉన్నారు. 2021లో మనవాళ్ళు పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్ళింది. రెండు వైపులా ఓటున్నా, జ్వరమొస్తే డోలీ కట్టి మోసుకెళ్ళాల్సిందే. సరిహద్దు ఊళ్ళకి విడిగా ఒక గొంతు కావాలన్న మీ మాట నాకు నచ్చింది. అది ఇచ్ఛాపురం ఒక్కదానికే కాకూడదు. వంశధార మీద నేరడి బ్యారేజీ, మా జంఝావతి ప్రాజెక్టు, రెండూ ఒడిశాతో తేలక ఆగినవే. జంఝావతికి 2006లో రబ్బరు డ్యామ్ పెట్టి కొంత నీళ్ళు ఇచ్చారు, పూర్తి ప్రాజెక్టు ఇంకా లేదు.

పలాస_జీడిపిక్క

ఇంతసేపూ చదివాను. అందరూ మగవాళ్ళ వలస గురించే రాశారు. మిగిలినవాళ్ళ సంగతి ఎవరూ రాయలేదు.

మా అమ్మ జీడిపిక్కలు కొడుతుంది. కాల్చిన పిక్కలోంచి వచ్చే నూనె తగిలి వేళ్ళ చివర్లు నల్లబడి చర్మం ఊడుతుంది. బూడిద రాసుకుని మళ్ళీ కూర్చుంటుంది. పప్పు విరిగితే కూలి తగ్గుతుంది. పండగకి చేతులు కడుక్కున్నా ఆ నలుపు పోదు, ఎవరింట్లోనైనా వడ్డన చేయాలంటే సిగ్గుపడి వెనక్కి జరుగుతుంది. పలాస జీడిపప్పు అని దేశమంతా కొంటారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు చెట్లు పోయిన రైతులకి చెట్టుకింత అని పరిహారం రాశారు. చెట్టు లేకపోతే పిక్క లేదు, పిక్క లేకపోతే మా అమ్మకి పని లేదు. ఆమె పేరు ఏ జాబితాలోనూ రాలేదు, ఎందుకంటే ఆమెకి చెట్టు లేదు.

అన్నా, మీకు తోట ఉందన్నారు. తోట లేనివాళ్ళ తరఫున కూడా అడుగుతారా? ఇది మీ మీద అనుమానంతో కాదు. ఇక్కడ నిలబడినవాళ్ళంతా తోట ఉన్నవాళ్ళే.

కవిటి_తోట

అమ్మా, మీ ప్రశ్న నేను రాసుకున్న కాగితంలో లేదు, ఇప్పుడు రాశాను. తుపాను పరిహారం జాబితాలో కూలీల పని రోజులు కూడా లెక్కకట్టాలన్నది నా మొదటి అయిదు ప్రశ్నల్లో ఉంటుంది. ఇంకొకటి, నా పది మంది ప్రతిపాదకుల్లో సగం మంది తోట లేనివాళ్ళు ఉండేలా చూస్తాను. బారువ నుంచి ఒకరు, జీడి బట్టీల్లో పని చేసేవాళ్ళు ఒకరు తప్పకుండా.

టెక్కలి_రోడ్

అన్నా, నేను ఇంకా నీకు ఓటేస్తానని చెప్పలేను. కానీ పలాస చెల్లి రాసింది మా పార్టీ గ్రూపులో పెట్టాను. చదివారు, ఒక్కరూ జవాబు ఇవ్వలేదు.

ఒక మాట. ఎమ్మెల్యే ఎన్నిక దాకా ఎందుకు ఆగడం? సర్పంచ్ ఎన్నికకి పార్టీ గుర్తులు లేవు. ముందు అక్కడ పది ఊళ్ళలో మీలాంటివాళ్ళు గెలిస్తే, 2029లో మిమ్మల్ని ఓట్లు చీల్చేవాడని ఎవరూ అనరు.

చీపురుపల్లి_లాయర్

టెక్కలి వారి సలహా నాకూ సరైనదే అనిపిస్తోంది. దానికి ఇంకొకటి కలుపుతాను. పునర్విభజన కమిషన్ మళ్ళీ కూర్చున్నప్పుడు ముసాయిదా ప్రకటించి అభ్యంతరాలు తీసుకుంటుంది, బహిరంగ విచారణలు పెడుతుంది. పోయినసారీ పెట్టింది. అక్కడ మాట్లాడటానికి ఎమ్మెల్యే కానక్కర్లేదు, మామూలు మనిషి కూడా కాగితం ఇవ్వొచ్చు. కమిషన్‌లో సహ సభ్యులుగా ఎమ్మెల్యేలు, ఎంపీలు ఉంటారు గానీ వాళ్ళకి ఓటు లేదు. జనాభా లెక్కల తేడా గురించి మాస్టారు వేసిన లెక్క, మండలాల వారీగా ఓటర్ల సంఖ్య, ఇవి పెట్టి ఉద్దానం మండలాలన్నీ ఒకే చోట ఉండాలని రాసిస్తే అది రికార్డులోకి వెళ్తుంది. సీటు సంఖ్య పెంచడం జనాభా మీద ఆధారపడుతుంది, అందులో మన మాట చెల్లకపోవచ్చు. హద్దులు ఎక్కడ గీయాలన్నదాంట్లో మాత్రం చెల్లే అవకాశం ఉంది.

ఆమదాలవలస_మాస్టారు

లెక్క నేను శుభ్రంగా రాసిస్తాను. 2027లో జనగణన జరిగేటప్పుడు ఊళ్ళో ఉండగలిగినవాళ్ళు ఉండమని కూడా చెప్పాలి. అందరూ కూలి మానుకుని రాలేరు, అది నాకు తెలుసు. వచ్చినవాళ్ళు వచ్చినంత.

మియాపూర్_టు_మందస

లాయర్ గారూ, ఒక సందేహం. ఇంటికి ఓటరు జాబితా సర్వేకి వచ్చినప్పుడు నేను లేనని మా అమ్మ చెప్పింది. మీ అబ్బాయి ఇక్కడ ఉండట్లేదు కదా, పేరు తీసేస్తాం అన్నారట. తీసేయొచ్చా?

చీపురుపల్లి_లాయర్

పని మీద కొంతకాలం ఊరు విడిచి వెళ్ళినంత మాత్రాన అక్కడ నివాసం పోయినట్టు కాదు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 20వ సెక్షన్‌లో ఆ మాట ఉంది. అయితే మీరు కుటుంబంతో సహా హైదరాబాద్‌లో స్థిరపడ్డారని అధికారి అనుకుంటే వాదన కష్టమవుతుంది. తిరిగి వచ్చే ఉద్దేశం, ఇల్లు, రేషన్ కార్డు, ఇవన్నీ చూపించాలి. ఎలాగైనా నోటీసు ఇవ్వకుండా తీసేయకూడదు. నోటీసు వస్తే అమ్మగారిని సంతకం పెట్టి పక్కన పెట్టేయొద్దని చెప్పండి, గడువులోగా జవాబు ఇవ్వాలి. ఈలోగా ముసాయిదా జాబితాలో మీ పేరు ఉందో లేదో చూసుకోండి. పోయి ఉంటే ఫారం 6 పెట్టాలి. ఒకే మనిషికి రెండు చోట్ల ఓటు ఉండకూడదు, అది నేరం. మియాపూర్‌లో ఎవరైనా నమోదు చేయిస్తామంటే ఆలోచించి చెప్పండి.

బారువ_తీరం

వెరావల్‌లో ఉన్నవాళ్ళకీ ఇదే వర్తిస్తుందా? మా వీధిలో నాలుగు ఇళ్ళకి ఇలాగే చెప్పి వెళ్ళారు.

చీపురుపల్లి_లాయర్

వర్తిస్తుంది. వాళ్ళు సీజన్ అయ్యాక తిరిగొచ్చేవాళ్ళు, కుటుంబం ఇక్కడే ఉంది, వాళ్ళ కేసు ఇంకా బలమైనది. ఆ నాలుగు ఇళ్ళ బూత్ నంబరు, పేర్లు ఒక కాగితం మీద రాసి ఉంచండమ్మా. ఇక్కడ పెట్టొద్దు, నాకు విడిగా పంపండి. జవాబు నమూనా రాసిస్తాను.

కవిటి_తోట

మందస, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు ఇలాంటి ఇళ్ళు ఇంకెన్ని ఉన్నాయో చూడాలి. ఈ ఆదివారం నుంచి మా మండలంలో ఊరూరూ తిరుగుతాను. మిగతా మండలాల్లో తిరగగలిగినవాళ్ళు చెప్పండి.